కొడుకు కొడుతున్నా కేసు వద్దంటున్న అమ్మకు సాయం ఎక్కడ మొదలుపెట్టాలి?

అమ్మా, మీరు అడిగింది ఇది. మీ అమ్మగారికి 72 ఏళ్లు. నాన్నగారు పోయాక ఒడిశాలోని బరంపురంలో సొంతింట్లో మీ తమ్ముడి కుటుంబంతో ఉంటున్నారు. తమ్ముడు సూరత్‌లో మిల్లు పని వదిలేసి వచ్చిన దగ్గర్నుంచి తాగుతున్నాడు. అమ్మ ఫ్యామిలీ పెన్షన్ ఒకటో తారీఖునే లాక్కుంటున్నాడు, లేదంటే చెయ్యి చేసుకుంటున్నాడు. మీరు విశాఖలో ఉన్నారు. పోలీసులకు చెబుదామంటే "వాణ్ణి లోపల వేయించి నేనెవరి ముఖం చూడాలి" అని అమ్మ ఏడుస్తున్నారు. ఇప్పుడేం చేయాలి, ఇలాంటి పెద్దవాళ్ల కోసం ఇక్కడి తెలుగు సంఘాలు ఏమైనా చేయగలవా అని అడిగారు.

నేనూ బరంపురం మనిషినే. బడి ఉద్యోగం నుంచి రిటైరయ్యాక మన పెద్దవాళ్లకు ఒడియాలో దరఖాస్తులు రాసిపెడుతున్నాను, హియరింగులకు తోడు వెళుతున్నాను. లాయరును కాను. కానీ సబ్ కలెక్టర్ ఆఫీసు వరండాలో కూర్చున్న తల్లులు, తండ్రులు నాతో చెప్పుకున్నవి చాలా విన్నాను.

మీ అమ్మగారు కేసు వద్దన్నారు. సాయం వద్దనలేదు. ఈ రెండూ ఒకటే అనుకోవడం దగ్గరే మనవాళ్లు, ఆఫీసులవాళ్లు అందరూ ఆగిపోతున్నారు. ఎవరి దగ్గరికి వెళ్లినా మొదటి ప్రశ్న "కేసు పెడతారా?" అనే. ఆమె తల అడ్డంగా ఊపుతుంది. "మరి మేమేం చేయగలం" అని పంపేస్తారు. మళ్లీ దెబ్బలు తిన్నా ఇక రాదు. కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుందని ఊరుకుంటుంది. నిజంగా ఏం కావాలని అడిగితే వాళ్లు చెప్పేవి చాలా చిన్నవి. రాత్రి గొళ్లెం వేసుకుని పడుకోగలగాలి. పెన్షన్ తన చేతిలో ఉండాలి. వాడు తాగుడు మానాలి. కోడలూ పిల్లలూ రోడ్డున పడకూడదు. వీటిలో చాలావాటికి కోర్టు గడప తొక్కే పని లేదు. అందుకే ముందు మీరు అమ్మగారిని ఒంటరిగా ఉన్నప్పుడు అడగాల్సింది "నీకేం కావాలమ్మా" అని. స్పీకర్ ఫోన్‌లో వద్దు. ఆమె గుడికో, డాక్టరు దగ్గరికో వెళ్లినప్పుడు అడగండి.

దానికి ఒక మినహాయింపు ఉంది. గొంతు పట్టుకున్నాడన్నా, కత్తి చూపించాడన్నా, కిరోసిన్ పోస్తానన్నాడన్నా ఆమె ఒప్పుకునేదాకా ఆగకండి. ముఖ్యంగా గొంతు పట్టుకోవడాన్ని "కోపంలో అలా చేశాడు" అని తేలిగ్గా తీసుకోవద్దు. 112కి ఫోన్ చేయండి. ఆమె ఆ తర్వాత మీ మీద అలిగినా పర్వాలేదు.

అంతవరకు రాకపోతే, మొదటి వారంలో చేయాల్సిన పని రాత్రిళ్ల గురించి. పక్కింట్లో ఒకరిని మాట్లాడిపెట్టుకోండి. ఒడియావాళ్లయినా సరే, మనవాళ్లే కానక్కర్లేదు. బంధువుల కన్నా ఒక్కోసారి వాళ్లే నయం, పెళ్లిళ్లలో ఎదురుపడి మాట్లాడుకోవాల్సిన మొహమాటం ఉండదు. అతను తాగి వచ్చిన రాత్రి అమ్మగారు వాళ్లింట్లో పడుకోవడానికి ఒప్పందం ఉండాలి. ఆధార్, పీపీఓ (పెన్షన్ మంజూరు కాగితం), పాస్‌బుక్, ఇంటి కాగితాల జిరాక్సులు, మందులు ఒక సంచిలో పెట్టి అక్కడే ఉంచాలి. తాగి ఉన్నప్పుడు డబ్బు లెక్కలు, పాత తప్పులు ఎత్తొద్దని అమ్మగారికి చెప్పండి. కొడుకే కదా, మందలిస్తే వింటాడని ఆ సమయంలోనే నోరు జారుతారు.

ఇక పెన్షన్. ఇక్కడ కాస్త నిదానంగా చదవండి, చాలామంది తొందరపడేది ఇక్కడే. ఏటీఎం కార్డు అతని జేబులో ఉంటుంది. బ్యాంకులో ఇచ్చిన ఫోన్ నంబరూ అతనిదే అయి ఉంటుంది. కార్డు లేకపోయినా వీధి చివర బ్యాంక్ మిత్ర (బ్యాంకు తరఫున డబ్బు ఇచ్చే ఏజెంటు) దగ్గరికి తీసుకెళ్లి అమ్మ వేలిముద్రతో ఆధార్ ద్వారా డబ్బు తీయిస్తారు. కాబట్టి ఒక్క కార్డు బ్లాక్ చేయిస్తే సరిపోదు. బ్యాంకులో, ఆధార్‌లో రెండుచోట్లా నంబరు మార్చాలి. ఆధార్ బయోమెట్రిక్‌ను లాక్ చేయాలి. ఖాతా మీద అతని పేరు జాయింటుగా ఉంటే వేరే బ్రాంచిలో ఆమె ఒక్కరి పేరున కొత్త ఖాతా తెరిచి పెన్షన్‌ను అక్కడికి మార్పించాలి. ఇవన్నీ ఒకటి రెండు రోజుల్లో మొదలుపెట్టగలిగిన పనులే. కానీ డబ్బు ఆగిన మొదటి నెలే అన్నిటికన్నా ప్రమాదమైన నెల. చేతికి అలవాటైన డబ్బు రాకపోతే ఆ కోపం ఎవరి మీద చూపిస్తాడో మీకు తెలుసు. అందుకని మీరు సెలవు పెట్టుకుని వచ్చి, ఇంట్లో ఉండగా చేయించండి. ఫోన్‌లో "రేపే బ్యాంకుకి వెళ్లి మార్చుకో అమ్మా" అని చెప్పి వదిలేయొద్దు. మార్చాక కొన్నాళ్లు ఆమె మీ దగ్గర విశాఖలో ఉంటే ఇంకా మంచిది.

దెబ్బ తగిలితే ఆసుపత్రికి తీసుకెళ్లాలని అందరూ చెబుతారు. అక్కడ ఏం చెప్పాలో ఎవరూ చెప్పరు. డాక్టరు "ఎలా తగిలింది" అని అడిగితే మన పెద్దవాళ్లలో దాదాపు అందరూ "బాత్రూములో జారిపడ్డాను" అంటారు. కాగితం మీద అదే పడుతుంది. ఏడాది తర్వాత దరఖాస్తు పెట్టినా ఆ కాగితం ఆమెకు ఎదురు తిరుగుతుంది. "కొడుకు చెయ్యి మెలితిప్పాడు" అని చెబితే డాక్టరు మెడికో లీగల్ కేసుగా రాసి పోలీసులకు తెలియజేస్తారు. అంతమాత్రాన అతన్ని అప్పుడే పట్టుకుపోరు, కేసు నడపాలా వద్దా అన్నది తర్వాతి మాట. ఆ రోజు నిజం రాసి ఉంటే చాలు. దెబ్బల ఫోటోలు తీసి మీ ఫోన్‌కు పంపమనండి, ఆమె ఫోన్‌లో ఉంచొద్దు.

చట్టం గురించి అడిగారు కాబట్టి చెబుతాను. అందరికీ తెలిసింది 2007 నాటి తల్లిదండ్రులు, వృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం. దాని కింద ట్రిబ్యునల్ సబ్ కలెక్టర్ దగ్గర ఉంటుంది. లాయరు అక్కర్లేదు. నోటీసు అందిన 90 రోజుల్లో తేల్చాలి, మరీ అవసరమైతే ఇంకో 30 రోజులు. నెలకు 10,000 రూపాయల దాకా పోషణ ఖర్చు ఇప్పించవచ్చు. ఆదేశం వచ్చాక ఇవ్వకపోతే నెల దాకా జైలు. తీర్పు నచ్చకపోతే 60 రోజుల్లో కలెక్టర్ దగ్గర అప్పీలు, అంటే మన గంజాం జిల్లాకు కేంద్రమైన ఛత్రపురంలో. ఇదంతా మంచిదే. కానీ ఈ చట్టం రాసినప్పుడు వాళ్ల కళ్ల ముందున్నది అమ్మకు అన్నం పెట్టని కొడుకు. మీ ఇంట్లో ఉన్నది అమ్మ అన్నం తింటూ అమ్మను కొడుతున్న కొడుకు. పని లేని మనిషి మీద నెలకు ఇంతివ్వాలని ఆదేశం తెచ్చుకుని ఏం చేస్తారు? గోడకు తగిలించుకోవాలి. నా దగ్గరికి వచ్చే దెబ్బల కేసుల్లో చాలావాటికి పోషణ అసలు సమస్యే కాదు, పెన్షనో అద్దె డబ్బో ఉన్నది ఆ తల్లికే. అయినా ఫారంలో ఆ గడులే ఉంటాయి కాబట్టి అందరూ పోషణ కోసమే నింపుతారు.

దెబ్బలు ఆపడానికి పనికొచ్చే దారులు వేరే ఉన్నాయి. గృహహింస చట్టం, 2005. ఇది కోడళ్ల చట్టమని ఊరంతా అనుకుంటుంది. తల్లి కూడా కొడుకు మీద ఇందులో వెళ్లవచ్చు. మేజిస్ట్రేటు అతన్ని కొట్టొద్దని, దగ్గరికి రావద్దని, అవసరమైతే ఇల్లు వదిలి బయట ఉండమని ఆదేశించవచ్చు. ముందే జైలు ఉండదు. ఆదేశం దాటితేనే అది నేరమవుతుంది, ఏడాది దాకా శిక్ష. "జైలు వద్దు, భయం ఉండాలి" అనే తల్లులకు నేను మొదట చెప్పేది ఇదే. దరఖాస్తు ఈ చట్టం కింద నియమించిన ప్రొటెక్షన్ ఆఫీసర్ ద్వారా వెళుతుంది. ఆడవాళ్లకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయ సహాయం ఉంది కాబట్టి బరంపురం జిల్లా కోర్టులో ఉన్న న్యాయ సేవా సంస్థకు వెళితే లాయరును పెడతారు, ఫోన్ నంబరు 15100. ఈ దారి తండ్రులకు లేదు, అది ఈ చట్టంలో పెద్ద లోటు. వాళ్లకు రెండో దారి. క్రిమినల్ కేసుల విధానం చెప్పే కొత్త చట్టం బీఎన్ఎస్ఎస్‌లో 126వ సెక్షను, పాత చట్టం అలవాటున్నవాళ్లు 107 అనేది. ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేటు పిలిపించి, ఏడాది దాకా గొడవ చేయనని బాండు రాయించుకుంటారు. పెద్ద శిక్షేమీ కాదు. కానీ సంతకం పెట్టినవాడు కాస్త వెనకాముందాడతాడు. తల్లి కూడా ఈ దారి పట్టొచ్చు.

పోలీసుల సంగతి. మామూలు దెబ్బలకు కేసు కట్టాలంటే మేజిస్ట్రేటు అనుమతి కావాలి, అందుకే స్టేషన్లో "ఇది మా చేతిలో లేదు, కోర్టుకు వెళ్లండి" అంటారు. ఎముక విరిగినా, పన్ను ఊడినా లెక్క మారుతుంది, వాళ్లే నేరుగా కేసు కట్టాలి. ఎక్స్‌రే తీయించమని చెప్పేది అందుకే. కేసు వద్దనుకున్నా స్టేషన్ డైరీలో ఎంట్రీ వేయించి నకలు తెచ్చుకోవచ్చు. ఒడిశాలో ఐఐసీ (స్టేషన్ ఇన్‌ఛార్జి ఇన్‌స్పెక్టరు) దగ్గరికి నేరుగా వెళ్లడానికి భయపడితే మహిళా, శిశు డెస్క్ ఉంటుంది, అక్కడ మొదలుపెట్టండి.

ఇల్లు ఎవరి పేరున ఉందో మీరు రాయలేదు. నాన్నగారి స్వార్జితమై, వీలునామా లేకుండా పోయి ఉంటే అమ్మకు, మీకు, తమ్ముడికి సమాన వాటాలు. అంటే అతని వాటా కూడా ఉందని గుర్తుంచుకోండి. ఏ కాగితం మీదా అమ్మగారిని సంతకం పెట్టనివ్వొద్దు. మీరూ "అక్కవు కదా" అన్న మాటకు కరిగి వాటా వదులుకుంటూ రాసివ్వొద్దు. మీ వాటా ఉన్నంతకాలం ఆ ఇల్లు అతనొక్కడే అమ్ముకోలేడు. అమ్మ పేరునే ఉండి ఇప్పటికే గిఫ్ట్ డీడ్ రాసిచ్చి ఉంటే ఆ 2007 చట్టంలోనే 23వ సెక్షను ఉంది. నన్ను చూసుకోవాలన్న షరతుతో ఇచ్చి, చూసుకోకపోతే ఆ దస్తావేజును రద్దు చేయమని ట్రిబ్యునల్‌ను అడగవచ్చు. షరతు దస్తావేజులో లేకపోతే కష్టమని 2022లో సుప్రీంకోర్టు చెప్పింది. 2025 జనవరిలో అదే కోర్టు ఈ సెక్షనును పెద్దవాళ్లకు మేలు జరిగేలా ఉదారంగా చూడాలని, ట్రిబ్యునల్ ఇల్లు ఖాళీ చేయించి స్వాధీనం ఇప్పించవచ్చని చెప్పింది. మళ్లీ ఆ మార్చిలో, ప్రతి కేసులో ఖాళీ చేయించాల్సిన పని లేదు, అవసరమైతేనే అంది. అందుకని ఎవరైనా "ట్రిబ్యునల్‌కు వెళ్తే చాలు వారంలో బయటికి నెట్టేస్తారు" అంటే నమ్మకండి.

మరదలి గురించి మీరు రెండే రెండు మాటలు రాశారు, అదీ కాస్త కోపంగా. ఒకసారి ఆలోచించండి. తాగి అమ్మను కొట్టేవాడు పెళ్లాన్ని వదిలిపెడతాడా? దరఖాస్తులో "కొడుకు, కోడలు కలిసి హింసిస్తున్నారు" అని అలవాటుగా రాసేస్తారు. ఆమె చేయి చేసుకోకపోతే అలా రాయకండి. ఆ ఇంట్లో అర్ధరాత్రి అమ్మగారికి తలుపు తీయగలిగింది ఆమె ఒక్కతే. పైగా కోడలికి ఆ ఇంట్లో ఉండే హక్కు ఉందని, వృద్ధుల చట్టం పేరు చెప్పి దాన్ని తీసేయలేమని 2020 డిసెంబరులో సుప్రీంకోర్టు చెప్పింది. ఆమెను శత్రువును చేసుకుంటే కేసు కూడా చిక్కుపడుతుంది.

ఇప్పుడు మన సరిహద్దు గొడవ. అమ్మగారు మీ దగ్గర ఉంటుంటే విశాఖ ఆర్డీఓ దగ్గరే ట్రిబ్యునల్ దరఖాస్తు పెట్టవచ్చు, తెలుగులోనే. తల్లిదండ్రులు ఉంటున్న చోటైనా, ఇంతకుముందు ఉన్న చోటైనా, పిల్లలు ఉన్న చోటైనా పెట్టుకోమని చట్టమే చెప్పింది. ఇచ్ఛాపురంలో తల్లి, బరంపురంలో కొడుకు, లేదా పాతపట్నంలో తండ్రి, పర్లాకిమిడిలో కొడుకు ఉండే ఇళ్లకు ఇది పెద్ద వెసులుబాటు. అయినా నా సలహా, డబ్బు ఒక్కటే కావాలంటే విశాఖలో పెట్టండి. ఇల్లు, దెబ్బలు అయితే బరంపురంలోనే పెట్టండి, ఎందుకంటే ఆదేశాన్ని అమలు చేయాల్సింది ఇక్కడి పోలీసులు. వృద్ధుల హెల్ప్‌లైన్ 14567 పొద్దున 8 నుంచి రాత్రి 8 దాకా పలుకుతుంది. మీరు విశాఖ నుంచి చేస్తే ఆంధ్రా కేంద్రం ఎత్తవచ్చు, ఒడిశాలో ఉన్న మనిషి గురించని మొదటి వాక్యంలోనే చెప్పండి. ఇక్కడ ఆంధ్రా సిమ్ వాడేవాళ్లకు కూడా ఇదే మాట.

దరఖాస్తు తెలుగులో ఇచ్చినా తీసుకోవాలని రాజ్యాంగం 350వ అధికరణం అంటుంది. సిద్ధాంతానికి అది సరే. పని త్వరగా జరగాలంటే ఒడియా ప్రతి జత చేయండి. ఇక ఏం రాయాలి? మనవాళ్లు తెచ్చే చిత్తుప్రతి ఇలా ఉంటుంది: "నా కుమారుడు నన్ను సరిగా చూచుటలేదు, మానసికంగా శారీరకంగా హింసించుచున్నాడు, కావున తమరు దయతో న్యాయము చేయగోరుచున్నాను." ఇది చదివిన అధికారికి ఏమీ తెలియదు. నేను కూర్చోబెట్టి అడిగి అడిగి రాసేది ఇలా ఉంటుంది: "ఫలానా తారీఖు రాత్రి తొమ్మిదింటికి వచ్చి రెండు వేలు అడిగాడు. మందులకు ఉంచుకున్నానన్నాను. ఎడమ చెయ్యి మెలితిప్పి బీరువా తాళం లాక్కున్నాడు. మర్నాడు ఆసుపత్రిలో చూపించాను, చీటీ జతచేశాను. పక్కింటి ఫలానావారు అరుపు విన్నారు. నాకు కావాల్సింది: తాళాలు నా దగ్గర ఉండాలి, రాత్రి తాగి ఇంట్లోకి రాకూడదు." చివరి వాక్యం ముఖ్యం. ఏం కావాలో అడగకపోతే వాళ్లకు తోచింది ఇస్తారు, ఎక్కువసార్లు తోచేది రాజీ.

రాజీ అన్నాను కాబట్టి అది కూడా చెప్పేస్తాను. ట్రిబ్యునల్ విచారణకు ముందు కన్సిలియేషన్‌కు పంపవచ్చు. ఊళ్లో కులపెద్దలు ఎలాగూ కూర్చోబెడతారు. రెండుచోట్లా జరిగే తంతు ఒకటే. అందరి ముందు కొడుకు ఎదురుగా తల్లిని అడుగుతారు, "ఏమ్మా, ఇంకేమైనా ఉందా?" అని. ఆ సాయంత్రం అదే ఇంటికి అదే మనిషితో వెళ్లాల్సిన మనిషి ఏం చెబుతుంది? ఏం లేదంటుంది. కాళ్లకు దండం పెట్టిస్తారు, టీ తాగుతారు, అయిపోయింది. మాటా మాటా పెరిగిన ఇంట్లో రాజీ మంచిదే, నేనూ చేయిస్తాను. దెబ్బలు పడ్డ ఇంట్లో మాత్రం తల్లిని ముందు విడిగా అడగాలి, ఆ మాటలు కొడుక్కి చేరకూడదు, ఒప్పుకున్నది కాగితం మీద ఉండాలి, రెండు వారాల తర్వాత ఎవరు ఇంటికి వెళ్లి చూస్తారో పేరుతో సహా రాయాలి. చూసేవాళ్లు లేని రాజీకి మీరు ఒప్పుకోకండి. విడిగా మాట్లాడతానని హియరింగులో అడగడానికి భయపడొద్దు, చాలామంది అధికారులు కాదనరు.

సంఘాలు ఏం చేయగలవన్నారు. శాలువాలు, ఉగాది సన్మానాలు బాగానే జరుగుతున్నాయి, వాటిని కాదనను. కానీ ఒక తల్లి రాత్రి పదింటికి గేటు దగ్గర నిలబడితే పడుకోబెట్టడానికి నాలుగు రోజులు ఒక గది ఇవ్వగలమా? కల్యాణ మండపాల్లో గదులు ఖాళీగానే ఉంటాయి కదా. ఒడియా రాయగలిగినవాళ్లు ఇద్దరు, హియరింగుకు తోడు వెళ్లేవాళ్లు ఇద్దరు, వాళ్ల ఫోన్ నంబర్లు గుడి దగ్గర, మందుల షాపు దగ్గర అంటించడానికి ఎంత ఖర్చవుతుంది? గోపాల్‌పూర్ వైపు మన నోలియా మత్స్యకారుల వాడల్లో ఈ నంబరు ఇంకా అవసరం, అక్కడ పెద్దవాళ్లలో ఒడియా చదవగలిగేవాళ్లు తక్కువ. అన్నిటికన్నా ముందు కావాల్సింది, విన్నది బయట చెప్పని మనుషులు. సంఘంలో చెబితే మర్నాటికి చుట్టాలందరికీ తెలిసిపోతుందన్న భయంతోనే రానివాళ్లు ఎక్కువ. కార్యదర్శి తమ్ముడే కొట్టేవాడైతే ఎవరికి చెప్పుకుంటారు? అందుకని కనీసం ఒకరు కమిటీలో లేనివాళ్లు, ఒక ఆడమనిషి ఉండాలి.

తాగుడు సంగతి చివరికి మిగిలింది. మాన్పిస్తే అంతా సర్దుకుంటుందని మీ అమ్మగారి ఆశ. చికిత్స ఇప్పించండి, ఇక్కడి ఎంకేసీజీ మెడికల్ కాలేజీలో మానసిక వైద్య విభాగం ఉంది, మత్తు మాన్పించే హెల్ప్‌లైన్ 14446, మనసు గురించి తెలుగులో మాట్లాడాలంటే టెలీ మానస్ 14416. రోజూ తాగేవాణ్ణి గదిలో పెట్టి ఒక్కసారిగా మాన్పించే ప్రయత్నం మాత్రం ఇంట్లో చేయొద్దు. ఫిట్స్ వస్తాయి, ప్రాణం మీదికి వస్తుంది. చికిత్స నడుస్తున్నంతకాలం పెన్షన్, తాళాలు, పక్కింటి ఏర్పాటు అలాగే ఉండాలి, "ఇప్పుడు మారాడు కదా" అని వెంటనే కార్డు చేతిలో పెట్టొద్దు. మానేసి మళ్లీ మొదలుపెట్టేవాళ్లే ఎక్కువ.

మీరు వచ్చేటప్పుడు ఆదివారం రాత్రికి చేరుకునేలా టికెట్ తీసుకోండి. సోమవారం కలెక్టర్, ఎస్పీ కలిసి జనం ఫిర్యాదులు వినే జాయింట్ గ్రీవెన్స్ ఉంటుంది, ఆ వారం ఎక్కడ జరుగుతుందో ముందు రోజు కనుక్కోండి. అమ్మగారు ఒప్పుకుంటే అక్కడ మొదలుపెడదాం, ఒప్పుకోకపోతే ఆ రోజు బ్యాంకు పని చూసుకుందాం. పాస్‌బుక్, ఆధార్, పీపీఓ, ఇంటి పట్టా నకలు, ఆసుపత్రి చీటీలు ఏవున్నా తీసుకురండి. దస్తావేజు కనపడకపోతే వెతకమని తమ్ముణ్ణి అడగొద్దు, సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో నకలు తీసుకోవచ్చు.